సారు ముందర నారుకట్ట

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ మనుమరాలు, నా బిడ్డ, వియత్నాంల ఉన్నది. జగిత్యాల వ్యవసాయ కాలేజీ సారు పది దినాల చదువుకని పిల్లలను తీస్కపోయిండు.

నిన్న అక్కడ ఆడోళ్లు నాటేస్తుంటే చూసి, మన పిల్ల చెప్పులిడిసి పొలంలకు దిగిందట. సారు ఒడ్డు మీదికి రాంగనే నారుకట్ట అడ్డం పెట్టి, "మా ఊర్ల ఇనాం ఇయ్యంది పోనియ్యం సార్" అన్నదట. అది చూసి అక్కడి ఆడోళ్లు గూడ వాళ్ల ఆసామికి అడ్డం పెట్టిండ్రట. ఆయన, సారు కలిసి అందరికి కొబ్బరి బోండాలు తాపిండ్రు.

ఫోన్ల వీడియో చూసిన. మన మేడిపల్లిల దొరకు నారుకట్ట పెట్టినప్పుడు నువ్వు తలకాయ ఎత్తకపోతుంటివి. ఇది సారు మొఖం చూసుకుంట నవ్వింది. గా నవ్వు నువ్వు ఇంట్లకొచ్చినంకనే నవ్వేదానివి.