అమ్మకానికి లేని ఎర్ర కారు

ఏమండీ,

కారు కొనడానికి కల్లూరు నుంచి వచ్చే ఆయనకు కాఫీ ఇచ్చి పంపేయండి. ఫ్లాస్కులో ఉంది. మీ పాత స్పోర్ట్స్ కారు ఇంజను బాగానే ఉంది. "ఇంజను పోయిండాది, అమ్ముకోప్పా" అన్న మెకానిక్ అసలు బానెట్టే ఎత్తలేదు. యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోతోంది కదా, ఎక్కడో గాలి దూరుతోందని వెతికాను. కార్బురేటర్ పక్కన రబ్బరు గొట్టం పగిలింది. వేలితో మూస్తే ఇంజను నిలకడగా తిరిగింది. కొత్త గొట్టం వేశాను.

నిన్న కారు కడుగుతూ మీరు మొహం తిప్పుకోవడం చూశాను. అమ్మాలని లేదని నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది?

నాగశ్రీ

షెడ్డు ఖాళీగా ఉందని కంగారు పడకండి. పత్తికొండలో అక్క దగ్గరికి మీ కారులోనే పోతున్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ ఆగిందంటే, ఆ కల్లూరాయన్నే వచ్చి తోయమనండి.