శేషవస్త్రం అనుకుని తల వంచాను

నరసరావుపేట ప్రకాష్‌నగర్‌లో కాపురముంటున్న బట్టల వ్యాపారిని, ప్రస్తుతం శాసనసభ్యుణ్ణి, నేరెళ్ల త్రికోటేశ్వర గుప్త అనే నేను, నా అరవై ఎనిమిదో ఏట స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. గుండె సరిగా లేదు గాని బుద్ధి సరిగానే ఉంది. ఆ మేరకు డాక్టరు గారు రాసిచ్చిన కాగితం జతపరిచాను. ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా రాస్తున్నాను. ప్రలోభం అన్న మాట ఇక్కడ ఊరికే రాయలేదు.

1. స్వార్జితమైన నా రెండంతస్తుల ఇల్లు, దాన విక్రయాది సర్వహక్కులతో నా భార్య కృష్ణవేణికి చెందవలసినది. మేడమీద గది కిటికీ గడియ బాగు చేయిస్తానని ఆమెకు పదకొండేళ్లుగా చెబుతున్నాను, చేయించలేదు. ఆ గడియ కూడా ఆమెకే, నా క్షమాపణతో సహా.

2. బట్టల కొట్టు, అందులోని సరుకు మా అమ్మాయి మాధురికి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. చిన్నప్పుడు కొట్లో కూర్చుంటే మీటరుకు బెత్తెడు ఎక్కువ కొలిచి ఇచ్చేది. అందరి ముందూ తిట్టాను. అమ్మా, ఆ అలవాటు మానవద్దు.

3. నా బావమరిది శ్రీనివాసరావుకు ఒక కండువా. ఎందుకో వారసులకు తెలియాలి.

సోమవారం శాసనసభలో ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం ఉంది. ప్రభుత్వం నిలబడడానికి ఒక్క ఓటు తక్కువ. నేను ప్రతిపక్షం వాణ్ణి. నెల రోజులుగా పాలకపక్షం వాళ్లు మా గుమ్మం వదలడం లేదు. మొదట పళ్లబుట్టలు తెచ్చారు, తరవాత మంత్రి పదవి అన్నారు. కాఫీ ఇచ్చి పంపించాను. మంచం దిగొద్దని డాక్టరు చెప్పినా, ఆ రోజు సభకు వెళ్లి తీర్మానం వైపు నిలబడతానని ఊరందరికీ మాటిచ్చాను.

శుక్రవారం సాయంత్రం శ్రీనివాసరావు కోటప్పకొండ నుంచి నేరుగా వచ్చానన్నాడు. "బావా, స్వామివారి శేషవస్త్రం తెచ్చా. కప్పుతా, తల వంచు" అన్నాడు. కార్తీకమాసం, పైగా నా పేరే ఆ స్వామిది. కళ్లకద్దుకోవాలని కళ్లజోడు తీస్తే కృష్ణవేణి అందుకుంది. కళ్లు మూసుకుని, తల వంచి, చేతులు జోడించాను. ఫోను టిక్కుమంది. పది నిమిషాల్లో టీవీలో నేనే కనిపించాను. పాలకపక్షం కండువా కప్పుకుని, పరమ భక్తితో దణ్ణం పెడుతూ ఆ పార్టీలో చేరిపోయాను!

నలభై ఏళ్లు బట్టలమ్మిన వాణ్ణి. నా మెడ మీద పడిన గుడ్డ ఏమిటో నాకు తెలియలేదు. రెండు రోజులైనా ఇంకా నమ్మలేకపోతున్నాను. నేను చేరలేదు మొర్రో అని టీవీ వాళ్లకు ఫోన్ చేస్తే, "మరి దణ్ణం పెట్టారుగా సార్" అన్నారు. అటు వాళ్లు మెజారిటీ వచ్చేసిందని మిఠాయిలు పంచుకున్నారు.

ఆ కండువా ఉతికించి, ఇస్త్రీ చేయించి ఉంచాను. నా యావదాస్తిలో అది తప్ప మరేదీ శ్రీనివాసరావుకు చెందదు. స్వామి పేరు పెట్టి ఆడిన అబద్ధానికి స్వామికే సమాధానం చెప్పుకోవాలి.

4. అసలు దెబ్బ నిన్న తగిలింది. కృష్ణవేణికి ఇదంతా ముందే తెలుసట. "మీరు చేరినట్టు ఫొటో పడితే తీర్మానం పెట్టినోళ్లే వెనక్కి తగ్గుతారు, ఓటింగే ఉండదన్నాడు మా తమ్ముడు. మీరు కదిలే పనే ఉండదన్నాడు. డాక్టరు మాట విన్నాక నాకింకేం తోచలా" అంది. నలభై నాలుగేళ్ల కాపురంలో ఆమె నా దగ్గర దాచింది ఇదొక్కటే. నా ప్రాణం కోసం చేసిన మనిషిని ఏమని తిట్టను? కృష్ణవేణీ, కోపం లేదు గాని చాలా బాధగా ఉంది. ఒకటో అంశంలో మార్పేమీ లేదు.

5. నా కారు, నా డ్రైవరు షబ్బీర్‌కు చెందవలసినది. టీవీ చూసి పరుగున వచ్చి, "శెట్టిగారూ, నేన్నమ్మలా" అన్నాడు. ఊళ్లో ఆ మాట అన్నది అతనొక్కడే.

6. శాసనసభలో నా ఓటు పై జాబితాలో లేదు. అది నా స్వార్జితమూ కాదు, పిత్రార్జితమూ కాదు. ఒకరికి రాసిచ్చే హక్కు నాకు లేదు. వెనక్కి తగ్గవద్దు, వస్తున్నానని మా పార్టీ వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. రేపు తెల్లవారగానే బయలుదేరతాను. లెక్క పెట్టేటప్పుడు లేచి నిలబడతాను. తిరిగి కూర్చోగలనో లేదో చెప్పలేను కాబట్టే ఈ కాగితం.

సాక్షి సంతకం పెట్టినవారికి ఈ వీలునామా కింద ఏ ఆస్తీ చెందదు, తగాదాలు రాకుండా ఈ షరతు పెట్టమని ప్లీడరు గారు చెప్పారు. అందుచేత ఇందులో ఏమీ పొందని ఇద్దరిని, పక్కింటి సైదాబీ గారిని, ఇంజెక్షన్ వేసే నర్సు షెర్లీని పిలిపించాను.

విశ్వావసు నామ సంవత్సర కార్తీక బహుళ ద్వాదశి, ఆదివారం.

(సంతకం) నేరెళ్ల త్రికోటేశ్వర గుప్త

సాక్షులు:

1. షేక్ సైదాబీ

2. నేరెళ్ల కృష్ణవేణి. షెర్లీ చేతిలో కలం నేనే లాక్కున్నాను. సంతకం పెడితే ఇల్లు రాదని తెలిసే పెడుతున్నాను. ఇల్లు నాకొద్దు, మనిషి కావాల. రేపు కారులో నేనూ వస్తున్నా.