ఆరని గుడ్డ

పెద్దసారు గారికి, గాలిలో తేమను లేజర్‌తో కొలిచే యంత్రం గదిలో దాని అద్దం తుడిచే ఆమె రాసుకునేది.

"గాలిలో తేమ కొలిచే యంత్రం కన్నా నీకెక్కువ తెలుసా?" అని మీరు ఫోన్లో కసిరారు. తెలియదండీ. కానీ అది మూడు రోజులుగా ఒకటే అంకె చూపిస్తోంది. అంతా ఆటోమేటిక్ కదా, పట్టించుకునే నాథుడే లేడు. గాలి పొడిగా ఉందన్న ఆ అంకెను నమ్మి, ఏటి మధ్యలో వంతెన పని సాగిస్తున్నారు. మా ఆయనా అక్కడే ఉన్నాడు. వచ్చెయ్యమంటే, "సారు ఆపమనాలిగా" అంటాడు. వాన విరుచుకుపడి ఏరు పొంగితే ఎలా? ఆయనకు ఈత కూడా రాదు.

మీ కాళ్లు పట్టుకుంటాను, పని ఆపించండి. నన్ను నమ్మకపోయినా సరే, అద్దం తుడిచే గుడ్డను ఈ కవర్లో పెట్టాను. మొన్న పొద్దున ఉతికి ఆరేసింది. ఇంతవరకూ చుక్క వాన పడలేదు. ఒక్కసారి పిండి చూడండి.