పదిహేడో తేదీలోగా జాకెట్

డిసెంబరు 9, మంగళవారం. ఉదయం 6.10

తీర్మానం చేశాను. జాకెట్ కొంటున్నాను!

నేపథ్యం: పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. కోకిలను తీసుకెళ్తానని చెప్పి తీసుకెళ్లని ఊళ్లు మూడు. ఊటీ, మున్నారు, కొడైకెనాల్. మూడుసార్లూ కారణం ఒకటే. దారి తెరిచి ఉందా, బస ఎలాంటిది అని నేను విచారిస్తూ ఉండగానే సెలవులు అయిపోయాయి. ఈసారి నన్ను అడగలేదు. మనాలికి తనే టికెట్లు తీసింది. 19న కాట్పాడిలో ఢిల్లీ రైలు. కోకిల లెక్కల టీచరు. పాతికేళ్లుగా పిల్లలకు సున్నా కింద అంకెలు చెబుతోంది. ఆ అంకెల్లో మంచు పడుతుంటే ఒక్కసారి నిలబడి చూడాలట.

ఇందాకే షరతు పెట్టింది.

"పదిహేడో తేదీ సాయంత్రానికి నీ జాకెట్ పెట్టెలో ఉండల్ల. లేదంటే నువ్వు ఇంట్లోనే ఉండు సామీ. నేను మా అమ్మను పిల్చుకోని పోతా."

"ఇంగా ఎనిమిది రోజులుండాది గదా!"

"నీకు ఎనిమిది రోజులంటే ఒక టీ తాగే టైము."

చూద్దాం. నేను విలేకరిని. ఇరవై ఆరేళ్లుగా వేలూరు నుంచి చిత్తూరు ఎడిషన్‌కు వార్తలు పంపుతున్నాను. ఒక జాకెట్ నాకెంత?

నియమాలు:
1. కొలిచినదే నిజం.
2. ప్రతి నిజానికీ ఇద్దరు సాక్షులు.
3. విశేషణాలు నిషేధం. అంగడివాడివీ, నావీ.

ఎనిమిది రోజులు ఎక్కువే. నాలుగు చాలు!

డిసెంబరు 10, బుధవారం. సాయంత్రం 5.30

వేలూరు చలి ఊరు కాదు. అయినా ఇక్కడ జాకెట్ల అంగడి ఉంది. ఆసుపత్రికి ఉత్తరాది నుంచి వచ్చేవాళ్లు తిరిగి వెళ్లేది చలిలోకి కదా.

సేకరించిన వాస్తవాలు: జాకెట్ లోపల కూరేది రెండు రకాలు. పక్షి ఈకలు, పాలియెస్టర్ దూది. ఈకలు తేలిక. తడిస్తే ముద్దవుతాయి. పాలియెస్టర్ కొంచెం బరువు. తడిసినా వెచ్చదనం పోదు. మంచు కరిగితే నీళ్లే కనుక పాలియెస్టర్. గంటలో తేలింది!

అంగడివాడు పరిచయస్తుడే. మూడు జాకెట్లు చూసుకొమ్మని ఇచ్చాడు, ట్యాగులు తెంపకూడదన్న షరతు మీద. చదరపు మీటరు దూది ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే వాటి లెక్క. ఎరుపు 60. నారింజ 80. నీలం 100.

వేరే కాగితం మీద పట్టిక గీశాను. తొమ్మిది గళ్లు. డైరీ తెలుగులో రాస్తాను. కోకిల చదివింది తమిళం, తెలుగు లిపి రాదు. అంకెలు మాత్రం వచ్చు. పట్టిక వైపు ఒకసారి చూసి వెళ్లింది.

నారింజ వేసుకుని అద్దంలో చూసుకున్నాను. అబ్బ! (ఇది విశేషణం కాదు.)

డిసెంబరు 11, గురువారం. మధ్యాహ్నం 2.00

గుడియాత్తం వెళ్లాను. అత్త మునిరత్నమ్మ, అంటే కోకిల వాళ్లమ్మ దగ్గర నూలు తూచే తక్కెడ ఉంది. గ్రాము తేడా రాదు.

రెండు జాకెట్లు సంచిలో పట్టాయి. మూడోది పట్టలేదు. నారింజను వేసుకుని బస్సెక్కాను. బయట 29 డిగ్రీలు. కండక్టరు టికెట్ ఇస్తూ నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"జొరమా సార్?"

"లేదప్పా. పరీక్ష."

"రక్త పరీక్షా?"

పక్కసీటు ఆయన లేచి నాకు కిటికీ వైపు ఇచ్చాడు. ఇంకొకాయన మాత్రలు తీశాడు. దిగేసరికి చొక్కా పిండితే నీళ్లు. వెచ్చదనం రుజువైంది! సాక్షులు: బస్సు నిండా.

తూకం: ఎరుపు 370. నారింజ 430. నీలం 540.

అత్త నలభై ఏళ్లుగా లుంగీలు నేస్తోంది. అంకెలు చూడలేదు. నారింజను ఎండకు ఎత్తి పట్టింది.

"యాడ గాలి దూరుతుందో నాకు తెలీదా నాయనా? ఇదో చూడు, ఈ కుట్టు పైనుంచి లోపలిదాకా పొయింది. సూదిబొక్కలు మినుకుమినుకుమంటా ఉండాయి."

"దూది కదలకుండా వేసిన కుట్లు అత్తా అవి."

"దూది కదల్లేదు, సరి. గాలి కదలదా? అడ్డంగా పదారు కుట్లు. పదారు కిటికీలు తెరుచుకోని మంచులోకి పోతావా?"

ఎరుపులోనూ అంతే. నీలంలో పై గుడ్డ మీద కుట్లే లేవు. దూదిని లోపలి గుడ్డకే పట్టించారు. అత్త దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నేసినోడికి పని తెలుసు. దీన్ని తీసుకో, సీక్కిరం."

అంటే వెంటనే తీసుకోమని. కానీ ఒక్కరే సాక్షి. రెండోవారు కావాలి. ఎంత దగ్గర పడ్డాం!

డిసెంబరు 12, శుక్రవారం. ఉదయం 11.45

పొన్నుస్వామికి ఐస్ ఫ్యాక్టరీ ఉంది. నాతో పదో తరగతి చదివాడు. దిమ్మెలు పేర్చే గదిలో మైనస్ 4. మనాలి రాత్రికి సమానం! నీలం జాకెట్‌తో ఇరవై నిమిషాలు కూర్చోవాలన్నది పథకం.

3వ నిమిషం: వెచ్చగా ఉంది.
6వ నిమిషం: వీపు వెచ్చగా ఉంది.
8వ నిమిషం: పెన్ను రాయడం లేదు. పెన్సిల్.
9వ నిమిషం: బయటికొచ్చేశాను.

కారణం జాకెట్ కాదు. పంచె కట్టుకుని, రబ్బరు చెప్పులతో వెళ్లాను. పొన్నుస్వామి తలుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమప్పా పూర్ణచంద్రా, నడుము పైన కాశ్మీరు, కింద గుడియాత్తమా?"

"పరీక్ష జాకెట్‌కే గదరా."

"కాళ్లను ఇంట్లో పెట్టి పోతావా మనాలికి?"

ఫలితం చెల్లదు. ప్యాంటుతో మళ్లీ చేయాలి. గడువు ఐదు రోజులుంది. కంగారు లేదు.

డిసెంబరు 13, శనివారం. ఉదయం 9.00

తుమ్ములు 41. ఐస్ గదికీ వీటికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు.

కోకిల మిరియాల కషాయం తెచ్చింది. "కొన్నావా?"

"పరిశీలనలో ఉండాది."

"ఊటీ కూడా పరిశీలనలోనే ఉండింది."

డిసెంబరు 14, ఆదివారం

తుమ్ములు 63. సెలవు. (తీర్మానంలో ఆదివారం పని చేయాలని ఎక్కడా లేదు. చూశాను.)

డిసెంబరు 15, సోమవారం. మధ్యాహ్నం 3.20

వాన! అడగకుండానే వచ్చిన ప్రయోగశాల! నీలాన్ని దండెం మీద వేశాను. ట్యాగుకు ప్లాస్టిక్ కవరు తొడిగాను. అంగడివాడికిచ్చిన మాట మాటే.

కోకిల బడికి బయల్దేరుతూ గొడుగు విప్పింది. "వానొస్తే ఊరంతా బట్టలు లోపలికి తీస్తారు. నువ్వు బయట ఏస్తా ఉండావు."

తడిసింది. పిండాను. వేసుకున్నాను. వెచ్చగానే ఉంది! ఫ్యాను కింద ఆరడానికి 4 గంటల 10 నిమిషాలు. అద్భుతం. మహాద్భుతం. దివ్యమైన వస్తువు.

విశేషణాలు దొర్లాయి. ఉపసంహరించుకుంటున్నాను. దీన్నిబట్టి నాకు తెలిసింది ఒకటి. వస్తువు ఇంట్లో ఉంటే ప్రేమ పుడుతుంది. ప్రేమ పుడితే నిష్పాక్షికత పోతుంది.

డిసెంబరు 16, మంగళవారం. సాయంత్రం 6.00

మూడు జాకెట్లూ అంగడిలో తిరిగి ఇచ్చేశాను. నిష్పాక్షికత కోసం. మనసు తేలికైంది. రేపు సాయంత్రంలోగా రెండో సాక్షి దొరికితే నేరుగా వెళ్లి నీలం కొనడమే!

దొరికాడు కూడా. ఆసుపత్రి దగ్గరి లాడ్జిలో సిక్కిం ఆయన. అన్నకు తోడుగా వచ్చాడు. పుట్టింది మంచులోనే. ఇంతకంటే సాక్షి ఎవరు? హిందీలో అడిగాను, చలికి నూరు గ్రాముల దూది చాలా అని. ఆయన ఆలోచించి చెప్పాడు: "చలేస్తే మేం ఇంట్లోకి వెళ్లిపోతాం."

ఫొటో చూపించాను. బాగుందన్నాడు. "బాగుంది" విశేషణం. సాక్ష్యంగా చెల్లదు.

ఆయనకు లుంగీలు కావాలట. తీసుకెళ్లాను. మూడు నిమిషాల్లో ఆరు లుంగీలు కొన్నాడు. నూలు ఏమిటి, రంగు నిలుస్తుందా, ఒక్క ప్రశ్న లేదు! ఒంటికి చుట్టుకుని అంగడి మధ్యలో నవ్వుతూ నిలబడ్డాడు. ఇలాంటి మనుషులు నిద్ర ఎలా పోతారో.

డిసెంబరు 17, బుధవారం. రాత్రి 7.30

ఉదయం ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్లాను, ఈసారి ప్యాంటు, బూట్లతో. జాకెట్ లేదు. తిరిగి ఇచ్చేశాను కదా. అక్కడికి వెళ్లాకే గుర్తొచ్చింది. పొన్నుస్వామి టీ తాగించాడు.

"పోయి జాకెట్ కొనుక్కోరా," అన్నాడు. "కోకిల ఒక్క మంచు గడ్డ అడిగింది నిన్ను. నా దగ్గర దినానికి మున్నూరు దిమ్మెలు చేస్తా ఉండాను, నాకే సిగ్గుగా ఉండాది."

నేరుగా అంగడికి వెళ్లవలసింది. దారిలో కలెక్టరాఫీసు ముందు ధర్నా. వార్త పంపేసరికి నాలుగు దాటింది. తర్వాత ఒక సందేహం. జిప్పు ఒకవైపు తెరుచుకునేదా, రెండువైపులా? ఫోన్లో చదువుతూ ఉండిపోయాను.

అంగడికి 6.40కి చేరాను. నీలం లేదు.

"ఇప్పుడే గద సార్, ఒక టీచరమ్మ వచ్చింది. కాగితంలో అంకెలు చూసుకునింది. నీలం యాడుండాది అని అడిగింది. ఐదు నిమిషాలు! అదే కడా పీసు, ఇంగొకటి లేదు. నారింజ ఇయ్యనా?"

నారింజ. పదహారు కిటికీలు. అత్త సాక్ష్యం దానికి వ్యతిరేకం. నిలబడి ఆలోచిస్తుంటే షట్టరు సగం దించాడు.

ఇంటికొచ్చాను. నీలం జాకెట్ మంచం మీద ఉంది. పక్కన నా పట్టిక. కోకిల పెట్టె సర్దుతోంది.

"నీ లెక్క కరెక్టే," అంది. "ఇదే మేలు. మా అమ్మకు సరిపోతుంది."

"నాకు కొన్నావనుకున్నా."

"నీకు నువ్వే కొనుక్కుంటానంటివి గదా. సాయంత్రమైపొయింది."

సాయంత్రం ఎన్ని గంటలకు ముగుస్తుందో షరతులో లేదు.

డిసెంబరు 18, గురువారం. ఉదయం 10.10

పదింటికి తత్కాల్ తెరిచారు. రెండు నిమిషాల్లో కోకిల వాళ్లమ్మకు టికెట్ తీసింది.

"మరి నాది?"

"రద్దు చేస్తా."

చేస్తా అంది. చేశాను అనలేదు. రెండింటికీ తేడా ఉంది. అడగలేదు. నేను రెండో ప్రశ్న అడగని ఉదయం నాకు గుర్తున్నంతలో ఇదే.

సాయంత్రం 6.30. నారింజ కోసం వెళ్లాను. పండగని రాసి అంగడి మూసి ఉంది. ఏ పండగో రాయలేదు.

డిసెంబరు 19, శుక్రవారం. రైల్లో. మధ్యాహ్నం 12.15

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కాట్పాడికి పెట్టెలు మోయడానికి వెళ్లాను. చొక్కా, ప్యాంటు, చెప్పులు. చేతిలో ఈ డైరీ. అత్త నీలం జాకెట్ వేసుకుని ఉంది, ప్లాట్‌ఫాం మీద 28 డిగ్రీల్లో. పోర్టరు ఆమెను రెండుసార్లు చూశాడు.

పెట్టెలు ఎక్కించాను. కిందికి దిగాను. కోకిల కిటికీ దగ్గర కూర్చుంది. నా వైపు చూడలేదు.

"నా టికెట్ రద్దు చేసినావా?"

"విచారించుకో. నీ పనే గదా."

ఫోన్ తీశాను. టికెట్ నంబరు కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతోంది. రైలు కూత వేసింది. చక్రం తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి అత్త అరిచింది.

"ఎక్కు నాయనా! రైలు నీ ఫోను కోసరం నిల్చుకుంటుందా?"

ఎక్కేశాను.

ఆధారం లేకుండా. టికెట్ ఉందో లేదో తెలియకుండా. జాకెట్, సబ్బు, మారు చొక్కా ఏదీ లేకుండా! తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. యాభై నాలుగేళ్ల మనిషిని, నవ్వు ఆగలేదు. అటుగా వెళ్తున్న వడల మనిషి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే!

టీసీ వచ్చాడు. చేతిలోని తెర చూసి చదివాడు. కోకిల. పూర్ణచంద్ర. పక్క బోగీలో మునిరత్నమ్మ.

కోకిల వైపు చూశాను.

"సైటు పనిచెయ్యలా," అంది కిటికీలోకి చూస్తూ. "అందుకే రద్దు కాలా."

ఈ మాటను విచారించదలచుకోలేదు.

డిసెంబరు 20, శనివారం. భోపాల్ దాటాక. ఉదయం 7.05

చలి. 11 డిగ్రీలు. కోకిల చున్నీ నా మెడకు. పొన్నుస్వామి ఫోన్ చేశాడు. రైల్లో ఉన్నానంటే నమ్మలేదు. ఇంజను కూత వినిపించాను.

కొత్త తీర్మానం: సాయంత్రం ఢిల్లీలో దిగిన గంటలోపు జాకెట్ కొంటాను!

"ఏం రాస్తా ఉండావు?" కోకిల.

"ఢిల్లీలో జాకెట్ కొంటానని."

"ఎన్ని అంగళ్లు చూస్తావు?"

"ఒకటే. ఎదురుపడిన మొదటిది."

కోకిల వాళ్లమ్మ వైపు తిరిగింది. "ఇన్నావామ్మా?" ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. పై బెర్తు ఆయన లేచి చూశాడు.

నవ్వనీ. మొదటి అంగడి, మొదటి జాకెట్. పట్టిక లేదు, ప్రశ్న లేదు.

పక్కనే రెండో అంగడి ఉంటే, బయట నిలబడి ఊరికే చూస్తాను. అంతే.