ఉడుము పట్టిన రాయి

మార్చి 3

చెల్లి ల్యాబ్ నుంచి వచ్చింది. వేళ్ల నిండా గీతలు. తను చేసే యంత్రానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఉడుము. ఆకాశంలో తిరిగే ఆస్టరాయిడ్ మీద దిగి, దాన్ని కరుచుకుని, ఖనిజం తవ్వాలి. కరుచుకోవడం ఎందుకే, దింపితే కూర్చోదా అన్నాను. అక్కడ బరువే ఉండదక్కా, డ్రిల్ నొక్కితే రాయిలోకి దిగదు, మనమే పైకి లేచిపోతాం అంది. తమ్ముడు ఊరుకుంటాడా. అయితే మా ఆఫీసే, పని దిగదు, మనమే గాల్లో ఉంటాం అన్నాడు.

మార్చి 9

క్యారేజీ ఇవ్వడానికి ల్యాబ్‌కి వెళ్లాను. బరువు లేనట్టుండాలని ఉడుమును తాళ్లతో వేలాడదీశారు. కింద, ఆ ఆస్టరాయిడ్‌లాగే, వదులు రాళ్ల గుట్ట. అది ఒక్కో కాలూ చాపి, రాళ్ల సందుల్లో గోళ్లు దించింది. డ్రిల్ తిరిగింది. ఉడుము కదల్లేదు. అందరూ చప్పట్లు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. చెల్లి జుట్టు నెరిసింది ఆ గోళ్ల దగ్గరే.

శుక్రవారం ల్యాబ్ పెద్దసారు ముందు ఇలాగే చేస్తే రాకెట్‌లో చోటు. లేకపోతే అది వేరే టీంకి.

మార్చి 10

చెల్లి కంచం ముందు తినకుండా అలాగే కూర్చుంది. ఏమైందే అన్నాను. ఉడుమును వేలాడదీశాం, రాళ్లను ఎవరు వేలాడదీశారక్కా అంది. ఇక్కడ రాళ్లు తమ బరువుతో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయట. అక్కడ వాటికీ బరువుండదు. తాకితే చెదిరిపోతాయి. ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు అని తల పట్టుకుంది.

తమ్ముడు, శుక్రవారం దాకా బెల్లం కొట్టిన రాయిలా ఉండు తల్లీ, చోటు దొరికాక సరిచేసుకుందువు అన్నాడు. చెల్లి నా వైపు చూసింది. నేను లేచి దేవుడి గదిలోకి వెళ్లాను.

దేవుణ్ణి గెలుపు అడగబుద్ధి కాలేదు. చెల్లికి ధైర్యం అడిగాను.

మార్చి 11

దారపు ఉండలు కొనుక్కుని ల్యాబ్‌కి వెళ్లింది.

మార్చి 13

పెద్దసారు కూర్చోకముందే తనే చెప్పిందట, మొన్నటి టెస్ట్ తప్పండీ అని. ఒక్కో రాయినీ దారానికి వేలాడదీసి మళ్లీ చేయించింది. గోరు తగలగానే రాళ్లు పక్కకు తప్పుకున్నాయి. ఒకటి దొరికింది. డ్రిల్ తిప్పితే ఉడుమూ రాయీ కలిసి గిరగిరా తిరిగాయి.

చోటు పోయింది.

పెద్దసారు ఆ తిరిగే రాయినే చాలాసేపు చూసి, అంత దూరం వెళ్లి ఏడవాల్సింది ఇక్కడే ఏడిపించావమ్మా, మంచిపని చేశావు అన్నారట. ఇంటికొచ్చి చెల్లి నిజంగానే ఏడ్చింది. తమ్ముడు విసుక్కున్నాడు, తర్వాత వెళ్లి దానికిష్టమైన మిఠాయి తెచ్చాడు. అది ఏడుస్తూనే, పట్టుకోవడం కాదక్కా, మొత్తం రాయిని సంచిలో వేసుకోవాలేమో అంది.

ఉడుం పట్టు ఆ యంత్రానిది కాదు. దీనిది.

మార్చి 14

వంటింట్లో దుంపలన్నీ దారాలకు వేలాడుతున్నాయి. పక్కన నోరు తెరిచిన సంచి. ఒక్కటీ కదలకుండా, వంగి వంగి దేవుడి గదిలోకి వెళ్లాను.