సిఫారసు వద్దన్న సిఫారసు

హ్వామోక్, ఏప్రిల్ 7

మూడో కంపెనీ కమాండరు బోంగ్ గారికి, హ్వామోక్ సంతవీధిలో సెలూన్ నడుపుకునే తాక్ ఇన్‌మో నమస్కరించి రాయడం. ఉభయకుశలోపరి. మీ కుశలం నాకు తెలియదు. నాది మాత్రం మొన్న మీ ఉత్తరం అందేదాకా బాగానే ఉండింది.

"మీ రుహాన్‌ను నా సొంత తమ్ముడిలా చూసుకుంటాను" అని రాశారు. ఎందుకు నాయనా? నా మనవడు మీకేమవుతాడని?

మీకు నా సంగతి కొంచెం చెప్పాలి. మన దేశంలో మగపిల్లాడన్నాక కొన్నాళ్ళు సైన్యంలో చేసి రావాల్సిందే గదా. నలభై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో సైన్యానికి వెళ్ళే ప్రతి కుర్రాడికీ నేనే గుండు చేశాను. ఆ ఒక్క గుండుకు డబ్బు పుచ్చుకోను. పేదవాడి తలైనా ఆసామి తలైనా అదే కుర్చీ, అదే మిషను. స్నానాలశాల వాళ్ళబ్బాయి గుండయ్యాక అద్దంలో చూసుకుని "నాన్నా!" అని ఉలిక్కిపడ్డాడు, అంత పోలిక. సరే, దారి తప్పాను. చెప్పొచ్చేదేమంటే, ఎవడు వెళ్ళాడో ఎవడు తప్పించుకున్నాడో ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రైసుమిల్లు ప్యో గ్యుసిక్ మనవడొక్కడే నా కుర్చీ ఎక్కలేదు. రెండేళ్ళుగా వాడు ఊళ్ళోనే లేడు. అడిగితే "సియోల్‌లో చదువుతున్నాడు" అంటాడు ప్యో. ఆయన జిల్లా కౌన్సిలు మెంబరు కూడా. ఇంకేం కావాలి? కిందటి నెల పెద్దల చావడిలో అందరి ముందూ అనేశాను: "మిల్లులో తవుడు ఎగరేసినట్టు మనవడి పేరు జాబితాలోంచి ఎగరేశావు గదయ్యా!" అని.

ఇలాంటి సమయంలో మీ ఉత్తరం వచ్చింది. మా ఆవిడ దాన్ని చావడికి పట్టుకెళ్ళి రెండుసార్లు గట్టిగా చదివింది. ప్యో చెవిన పడింది. "ఏమోయ్ తాక్, మీవాడికి కెప్టెన్‌గారు అన్నగారట గదా! ఇంటికి ఉత్తరాలు కూడానట! మాకంత చుట్టరికాలు ఎక్కడివిలే" అన్నాడు. మాటా మాటా పెరిగింది. మే 15న చావడి సభ. ఎవరి ఇంట్లో పలుకుబడి వాడినట్టు తేలితే ఆ ఇంటి పెద్ద అందరికీ తలవంచి క్షమాపణ చెప్పుకుని, పొయ్యి పక్క వెచ్చటి చోటు వదిలేసి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోవాలి. చచ్చేదాకా. నా మోకాళ్ళ సంగతి మీకు తెలియదు. మోకాళ్ళు పోతే పోనీయండి, నలభై ఆరేళ్ళ మాట పోతుందే!

కాబట్టి నాయనా, మావాడు మీకు తమ్ముడు కాడనీ, వాడికి ఏ దయా చూపడంలేదనీ ఒక్క ముక్క రాసి, కింద ముద్ర వేసి పంపండి.

ఇట్లు
మీకు ఏమీ కాని
తాక్ ఇన్‌మో

తా.క. నా రోజుల్లో కమాండరు మా అమ్మకు ఉత్తరం రాయలేదు. ముప్ఫై ఆరు నెలల్లో నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు కూడా నాది కాదు.

*

మూడో కంపెనీ, ఏప్రిల్ 14

గౌరవనీయులైన తాక్ తాతగారికి, కెప్టెన్ బోంగ్ వందనాలు.

మీ ఉత్తరం చదివి కాసేపు నవ్వి, తర్వాత సిగ్గుపడ్డాను. ఆ ఉత్తరం కొత్తగా వచ్చిన నూట ఇరవై నలుగురి ఇళ్ళకూ పంపాను. అన్నిట్లోనూ అవే మాటలు, పేరొక్కటే తేడా. నాకు నూట ఇరవై నలుగురు తమ్ముళ్ళు. అందులో మీవాడు పరుగులో అరవై రెండోవాడు, అంటే సరిగ్గా మధ్యవాడు. దయ చూపించడానికి కూడా చోటు లేదు.

మీ మనసు కుదుటపడాలని ఇంకో సంగతి. మా దగ్గర క్షవరం చేసేవాడికి చెయ్యి తిరగక, కిందటి నెల తనిఖీకి వచ్చిన కల్నల్‌గారు వరసలో నిలబడ్డ మావాళ్ళ తలలు చూసి "ఎలుకలు పడ్డాయా?" అని అడిగారు. అప్పుడు రుహాన్ ముందుకొచ్చి కత్తెర పట్టుకున్నాడు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు అందరికీ వాడే చేస్తున్నాడు. చెయ్యి మీదేనని తెలుస్తూనే ఉంది. మీరు గర్వపడవచ్చు.

నమస్కారాలతో
కెప్టెన్ బోంగ్ సునే

తా.క. ఉత్తరంలో నన్ను పదేపదే "నాయనా" అన్నారు. నేను ఆడదాన్ని తాతగారూ. మన దేశంలో ఆడపిల్లను సైన్యానికి రమ్మని ఎవరూ పిలవరు. నేనే వచ్చాను. "అమ్మా" అన్నా పలుకుతాను.

*

హ్వామోక్, ఏప్రిల్ 19

అమ్మా కమాండరూ, తాక్ ఇన్‌మో చెంపలేసుకుని రాయడం.

మీ తా.క. చావడిలో ఆడవాళ్ళు అడిగి మరీ మూడుసార్లు చదివించుకున్నారు. పిలవకుండా వచ్చినవాళ్ళకు నా సెలూన్‌లో పెద్దపీట. మీరొస్తే జుట్టు ఉచితంగా కత్తిరిస్తాను. అయ్యో, అది కూడా పక్షపాతమే అవుతుందేమో. సగం డబ్బులు తీసుకుంటాను.

కానీ తల్లీ, మీరు కుదుటపడమని రాసిన సంగతితో నాకు అన్నం సయించడంలేదు. తోటివాళ్ళు తుపాకి మోస్తూ కొండలెక్కుతుంటే మావాడు నీడపట్టున కత్తెర ఆడిస్తున్నాడా? సైన్యంలో క్షవరం అంటే ఎంత సుఖమో నాకు తెలియదా! మా బెటాలియన్‌లో క్షవరం చేసేవాడికి రోజూ రెండు గుడ్లు దొరికేవి. ఎవరి మెడ ఎవరి చేతిలో ఉందో మరి. నేను మాత్రం అప్పట్లో వృత్తి వడ్రంగం అని రాయించుకుని ముప్ఫై ఆరు నెలలూ సరిహద్దు కంచె దగ్గరే నిలబడ్డాను. మేకు కొట్టమంటారేమోనని ఒకటే భయం.

ఈ కబురు ప్యోకు ఎలాగో చేరింది. (మా ఆవిడే. ఇంకెవరు?) "యుద్ధం వస్తే మీ మనవడు శత్రువుకు గడ్డం గీస్తాడా?" అని చావడి అంతా వినేట్టు అడిగాడు. పేకముక్కలు నా చేతిలోంచి జారిపోయాయి. అందులో గెలిచే ముక్క కూడా ఉంది.

కాబట్టి ఇదే నా ప్రార్థన. మావాణ్ణి తక్షణం సరిహద్దు కాపలాకు పంపండి. ఏ కొండ మీద చలి ఎక్కువో, ఏ కొండకు మెట్లు ఎక్కువో, అక్కడికి. ముసలివాడి మాట కొట్టెయ్యకండి.

మీ మేలు కోరే
తాక్ ఇన్‌మో

తా.క. పార్సెల్‌లో మా పెరటి ఎండు పెర్సిమన్ పళ్ళు పంపుతున్నాను. మనవడొక్కడికే పంపితే పక్షపాతమని నూట ఇరవై నాలుగు కట్టాను. మీకు పెట్టలేదు. పెడితే లంచమంటారు.

*

మూడో కంపెనీ, ఏప్రిల్ 27

గౌరవనీయులైన తాక్ తాతగారికి.

పళ్ళు తిప్పి పంపుతున్నాను. కుటుంబాల నుంచి కంపెనీకి ఏ కానుకా తీసుకోకూడదని నిబంధన. మావాళ్ళు పార్సెల్ వాసన చూసి ఊరుకున్నారు. వాసనకు నిబంధన లేదు.

రుహాన్ సరిహద్దు కాపలాకు తనంతట తానే మార్చి 28న దరఖాస్తు పెట్టుకున్నాడు. వాడు జుట్టు కత్తిరించేది శనివారం సెలవు వేళలోనే, కొండ ఒక్కటీ తప్పించుకోలేదు. ఉన్న ఖాళీలు పదిహేడు, దరఖాస్తులు నలభై ఒకటి. మే 12న కంప్యూటరు లాటరీ తీస్తుంది. అక్కడ నా చెయ్యి కూడా పడదు.

ఇప్పుడు కష్టమైన మాట. ఒక సిపాయిని ఫలానా చోటికి పంపమని బంధువులెవరు అడిగినా, దాన్ని సిఫారసుల రిజిస్టరులో ఎక్కించి, అడిగినవారికి హెచ్చరిక పంపాలి. మీ 19వ తేదీ ఉత్తరం ఎక్కించాను. హెచ్చరిక జతచేశాను. ఈ ఏడాది మా రిజిస్టరులో ఉన్న పేరు మీదొక్కటే.

విచారంతో
కెప్టెన్ బోంగ్ సునే

తా.క. రిజిస్టరులో "కోరిన సౌకర్యం" అని ఒక గడి ఉంటుంది. అందులో "చలి, మెట్లు" అని రాయాల్సివచ్చింది. పైవాళ్ళు ఫోను చేసి రెండుసార్లు అడిగారు.

*

హ్వామోక్, మే 2

అమ్మా! తల్లీ! కమాండరూ!

కొట్టెయ్యండి. ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత గీస్తే చాలు. సిఫారసు వద్దని జీవితమంతా అరిచిన వాడి పేరు సిఫారసుల రిజిస్టరులో, అదీ ఒక్కటే పేరు! ఈ హెచ్చరిక కాగితం ప్యో చూశాడంటే ఫ్రేము కట్టించి మిల్లులో తగిలిస్తాడు. నేను అడిగింది సుఖం కాదు గదమ్మా. కష్టం అడిగాను. కష్టం అడగడం కూడా సిఫారసేనా?

సభ పదమూడు రోజుల్లో ఉంది. నా పరువు మీ సిరాబుడ్డిలో ఉంది.

తాక్ ఇన్‌మో

తా.క. కాగితం బియ్యం డబ్బాలో దాచాను. మా ఆవిడ బియ్యం కడుగుతూ బయటికి తీసింది. చదివేలోపల లాక్కున్నాను గానీ మూడు రోజులుగా అన్నం మాడ్చి పెడుతోంది.

*

మూడో కంపెనీ, మే 8

గౌరవనీయులైన తాక్ తాతగారికి.

సిఫారసే తాతగారూ. ఎండ అడిగినా నీడ అడిగినా అడగడం అడగడమే. మీ మాట విని నేను రుహాన్‌ను పైకి పంపితే, తాత లేని కుర్రాడొకడు కిందే మిగిలిపోతాడు. ఆ నలభై ఒక్కమందిలో అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళ తరఫున నాకు ఉత్తరం రాసేవాళ్ళు ఎవరూ లేరు.

గీత గీయలేను. గీస్తే, మీరు నలభై ఆరేళ్ళుగా ఎవరి మీద అరుస్తున్నారో ఆ జాబితాలో నేనూ చేరతాను.

గౌరవంతో
కెప్టెన్ బోంగ్ సునే

తా.క. ఈ సంగతి రుహాన్‌కు నేను చెప్పలేదు. చెప్పాల్సింది మీరు.

*

హ్వామోక్, మే 16

అమ్మా కమాండరూ, గుమ్మం పక్కన చెప్పుల మధ్య కూర్చుని తాక్ ఇన్‌మో రాయడం.

మీ ఉత్తరం చదివి మొదట మిమ్మల్ని తిట్టుకున్నాను. రెండో రోజు నన్ను తిట్టుకున్నాను. మూడో రోజు తిట్లు అయిపోయాయి.

పన్నెండున మావాడు ఫోను చేశాడు. లాటరీలో పేరు రాలేదట. "మళ్ళీ పెట్టుకుంటా తాతా" అన్నాడు. అప్పుడే వాడికి నా నిర్వాకమంతా చెప్పేశాను. "తాతా, నువ్వడిగినా రాలేదంటే లాటరీ నిజమే అన్నమాట" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. గర్వంతోనేలెండి. పొయ్యి పొగ కూడా కొంత ఉంది.

ఇక సభ. ముప్ఫై మంది వచ్చారు. మహిళా సంఘం పెద్ద గూ బొక్‌సిల్ మధ్యలో కూర్చుంది. ప్యో కొత్త కోటు వేసుకొచ్చాడు. ఎవరూ అడగకముందే నేను లేచి హెచ్చరిక కాగితం తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను, "చలి, మెట్లు" సంగతితో సహా. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అందరికంటే ముందు నవ్వాల్సిన ప్యో మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. లేచి, కోటు కూడా వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

"గెలిచినవాడు పారిపోతాడేమిటి?" అంది గూ బొక్‌సిల్.

పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో కాగితం. నా చేతిలో పెట్టి, "చదువు. నీది చదివినంత గట్టిగా చదువు" అన్నాడు.

సరిగ్గా అలాంటి హెచ్చరికే తల్లీ. సైనిక భర్తీ ఆఫీసు పంపింది. తేదీ రెండేళ్ళ కిందటిది. వాళ్ళ మనవడికి గుండె కవాటంలో పుట్టుకతో లోపం. పరీక్షలో తుపాకికి పనికిరాడన్నారు, సైన్యానికి బదులు సమాజసేవకు వేశారు. సియోల్ లేదు, చదువు లేదు. దక్షిణాన ఓడరేవు ఊళ్ళో, మతి తప్పిన ముసలివాళ్ళ ఆశ్రమంలో రెండేళ్ళుగా వాళ్ళకు స్నానాలు చేయిస్తున్నాడట. ప్యో ఆ మాట ఊళ్ళో చెప్పలేక, తన పలుకుబడంతా వాడాడు. ఏడు ఉత్తరాలు రాశాడు, ఇద్దరు పెద్దమనుషుల్ని పట్టుకున్నాడు. ఎందుకో తెలుసా అమ్మా? మనవణ్ణి సైన్యంలో చేర్పించడానికి! ఏడుసార్లూ కుదరదన్నారు. ఎనిమిదోది ఈ హెచ్చరిక.

"నేను పలుకుబడి వాడానన్నావు. వాడాను. సరేనా?" అన్నాడు ప్యో.

"మరి చెప్పలేదేమయ్యా ఇన్నాళ్ళూ?"

"ఊళ్ళో ప్రతివాడి గుండూ చూసినవాడివి. గుండె బాగాలేనివాణ్ణి నీ కుర్చీలో ఎట్లా కూర్చోబెట్టను?"

మోకాళ్ళ మీద వంగి, నుదురు నేలకు ఆనించి క్షమాపణ చెప్పాను. మర్యాదకు కాదు, నిజంగా. సైన్యానికి వెళ్ళిన తలలే లెక్కపెట్టుకున్నాను గానీ, ముసలివాళ్ళ వీపులు తోముతున్న చేతులు నా లెక్కకు రాలేదు. లేచాక ఇంకో మాట కూడా అన్నాను: "ప్యో, జిల్లా కౌన్సిలు మెంబరు ఏడుసార్లు అడిగితే ఏడుసార్లూ కుదరదన్నారంటే, మన దేశం నేననుకున్నంత చెడిపోలేదయ్యా." అప్పుడు ప్యో నవ్వాడు. నలభై ఏళ్ళలో ఆయన నన్ను చూసి కాకుండా నాతో నవ్వడం అదే మొదలు.

గూ బొక్‌సిల్ తీర్పు చెప్పింది. ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి గనక ఇద్దరూ సిఫారసు చేసినట్టే. ఇద్దరూ గుమ్మం దగ్గరికి. పొయ్యి పక్క చోటు ఇక ఆడవాళ్ళది. పైగా మా ఇద్దరికీ చావడిలో నెలరోజులు తప్పనిసరి సేవ. ఒకరికి వంటగది, ఒకరికి మరుగుదొడ్లు. ఎవరికేదో చీటీలు వేసి తేల్చారు.

మీరు గీత గీయనందుకు ఈ ముసలివాడి వందనం. నిలబడే చేస్తున్నాను, సిపాయి చేసినట్టే.

మీ రిజిస్టరులో మొదటివాడు
తాక్ ఇన్‌మో

తా.క. ప్యోకు వంటగది వచ్చింది. నాకు మరుగుదొడ్లు. చీటీ తీసింది ఆయన మేనకోడలు. నేనేమీ అనడంలేదమ్మా. ఆ పిల్ల చీటీలు సరిగా కలపలేదని మాత్రం అంటున్నాను.