ఫ్యాన్ మా ఇంటిది

అక్కా ఆర్సెలీ,

నువ్వు సెబూ పట్నంలో చల్లగా కూర్చుని "పిల్లల చేత బ్లాగు రాయించవే, ఎంత బాగుంటుందో చూడు" అని నన్ను చెట్టెక్కించావు. ఎక్కాను. ఇప్పుడు దిగడం తెలియక నిన్ను తిట్టుకుంటున్నాను.

మా దీవిలో ఇంటర్నెట్ అందేది నాలుగో తరగతి పడమటి కిటికీ దగ్గర మాత్రమే. డాంగిల్‌ని కిటికీ ఊచకు కట్టి, ఎవరో దానంగా పంపిన పాత ల్యాప్‌టాప్‌లు దాని చుట్టూ పెట్టాను. ఆ తిప్పలు పడగలను. కానీ పిల్లలు రాయరక్కా! అదీ నా ఏడుపు. "పొద్దున ఏం తిన్నారో రాయండి" అన్నాను. తరగతంతా ఒకే మాట రాసింది: అన్నం, గుడ్డు, పాలు, అరటిపండు. గోడ మీది ఆహారం చార్టుని ఉన్నదున్నట్టు దించేశారు. ఈ ఊళ్ళో పొద్దున్నే పాలు తాగే ఇల్లు ఒక్కటి చూపించు! "నిజంగా ఏం తిన్నావురా?" అని ఒకణ్ణి నిలదీస్తే బిక్కమొహం వేసి, "కరెక్ట్ ఆన్సర్ మీరు బోర్డు మీద రాయలేదు కదా టీచర్" అన్నాడు. తప్పు వాడిదా? బోర్డు మీదది దించుకోవడం తప్ప మనం వాళ్ళకి ఏం నేర్పాం గనక?

ఒక్క జెరలిన్ మాత్రం రాసింది. "రాత్రి మిగిలిన మొక్కజొన్న అన్నంలో కాఫీ పోసుకుని తిన్నాను. అమ్మమ్మ తినలేదు. తిన్నానని చెప్పింది." వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఫోను యజమానురాలి దగ్గరే ఉంటుందట, శుక్రవారం ఒక గంట చేతికిస్తుందట. ఆ గంటలో ఆవిడ బ్లాగు చూసి కింద కామెంట్ పెట్టింది: "అమ్మమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించు. ఆవిడ అబద్ధాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు." జెరలిన్ దాన్ని రోజూ కిటికీ దగ్గర నిలబడి చదువుతోంది.

మా హెడ్‌మిస్ట్రెస్ ప్రిమితివా గారు కూడా చదివారు. "ఏంటమ్మా దెలియా, మన పిల్లలు రాత్రి మిగిలిన అన్నం తింటున్నారని దేశదేశాలకీ దండోరా వేయాలా?" అని దులిపేశారు. అయినా నేను పిల్లలకి పంతంగా చెబుతూనే ఉన్నాను: చూసింది రాయండి, నిజం రాయండి అని.

నీ మీద కోపంగా ఉన్న చెల్లెలు,
దెలియా

*

అక్కా,

సలహా ఇవ్వకు. చదువు, చాలు.

పెద్ద ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ వస్తున్నారంటే మన బళ్ళలో ఏం జరుగుతుందో నీకు నేను చెప్పాలా? ఒకరింటి నుంచి కర్టెన్లు, ఇంకొకరింటి నుంచి పూలకుండీలు, వేరొకరింటి నుంచి టేబుల్ గుడ్డ. అడిగితే ఊరు కాదనదు. జెరలిన్ వాళ్ళింటి నుంచి నిలువు ఫ్యాను వచ్చింది. సూపర్‌వైజర్ దాని ముందు కూర్చుని, కోడి కూర తిని, మెచ్చుకుని వెళ్ళిపోయారు. గురువారం జెరలిన్ ఇలా రాసింది:

"ఫ్యాన్ మా ఇంటిది. అమ్మ పంపిన పెట్టెలో వచ్చింది. సూపర్‌వైజర్ గారు గది భలే చల్లగా ఉంది, మీ బడి బాగుంది అన్నారు. మా అమ్మమ్మ రాత్రంతా అట్టముక్కతో విసురుకుంది. ఫ్యాన్ ఇంకా హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోనే ఉంది."

చదివి పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు ఒక్క పూటే మిగిలింది. దుబాయ్‌లో, హాంకాంగ్‌లో, ఓడల మీద ఉన్న మా ఊరివాళ్ళంతా కింద కామెంట్లలో ఎగబడ్డారు. "కర్టెన్లు మావి!" "మా కుండీ పగలగొట్టింది ఎవరు?" శుక్రవారం మధ్యాహ్నానికి పెద్ద ఆఫీసు నుంచి ప్రిమితివా గారికి ఫోనొచ్చింది.

"ముప్పై ఏళ్ళుగా ఈ బడిని మోస్తున్నాను. గవర్నమెంటు నాకు ఒక ఫ్యాను ఇచ్చిందా? అడుక్కొచ్చి పరువు నిలబెడితే, నువ్వు చిన్నపిల్ల చేత నా పరువు తీయిస్తావా?" అన్నారావిడ. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే నాకు మింగుడుపడటం లేదు. ఆవిడ షరతులివి: పోస్టు తీసెయ్యాలి. సోమవారం జెండా దగ్గర బడి అందరి ముందూ జెరలిన్ క్షమాపణ చెప్పాలి. అది జరిగితేనే నన్ను పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం.

పిల్ల అమ్మమ్మ అయినా నా పక్కన నిలబడుతుందనుకున్నాను. ఆ ఇసింగ్ ముసలమ్మే నేరుగా నా ఇంటికి వచ్చింది. "మీరడిగారు, మేం ఇచ్చాం. ఇచ్చింది ఎవరైనా చెప్పుకుంటారా టీచరమ్మా? ఊళ్ళో నా మొహం ఎట్టా చూపించను?" అని ఏడ్చింది.

ఇందాకే ఆ పోస్టు తీసేశాను. సోమవారం పిల్ల చేత సారీ చెప్పించి, బ్లాగు కూడా మూసేస్తాను. నిజం రాయమన్నది నేను, తల వంచేది అది. నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా చేస్తాను. నాకు ఉద్యోగం కావాలి అక్కా.

దెలియా

*

ఆర్సెలి అక్కకి,

నువ్వు ఫోన్ చేస్తుంటే ఎత్తలేదని అలగకు. మాట్లాడితే ఏడుస్తాను, అందుకే రాస్తున్నాను.

సోమవారం జెండా ఎగరేయకముందే జెరలిన్ తరగతి గదిలోకి వచ్చింది. జుట్టుకి నూనె రాసి నున్నగా దువ్వి పంపింది ముసలమ్మ, క్షమాపణకని.

"టీచర్, నా పోస్టు తీసేశారంట కదా. అమ్మమ్మ చెప్పింది."

"అవునమ్మా."

"పర్లేదు టీచర్. కానీ దాని కింద మా అమ్మ రాసింది ఏది?"

పోస్టుతో పాటు దాని కిందివన్నీ పోతాయని తెలియదా నాకు? తెలుసు. ఆలోచించలేదు, అంతే.

"శుక్రవారం రాశానని అమ్మమ్మ ఫోనుకి ఎస్సెమ్మెస్ పెట్టింది. ఇవాళ చదువుకుందామని వచ్చా," అంది. నేను తల అడ్డంగా ఊపితే, "ఏం రాసిందో మీకైనా గుర్తుందా టీచర్?" అంది.

గుర్తు లేదు. ఆ అరుపుల మధ్య ఆవిడ మాటలు నేను సరిగా చదవను కూడా లేదు. ఆ తల్లికి వారానికి దొరికేది ఒక్క గంట. అందులో కూతురి కోసం రాసుకున్నదాన్ని చెత్త ఊడ్చినట్టు ఊడ్చేశాను.

జెండా దగ్గర ప్రిమితివా గారు జెరలిన్ పేరు పిలిచారు. నేను వెళ్ళి మైకు అందుకున్నాను. "జెరలిన్, నువ్వు రాసిందాంట్లో అబద్ధం లేదు. దాన్ని తీసేసినందుకు, మీ అమ్మ మాటలు పోగొట్టినందుకు నన్ను క్షమించు" అన్నాను. ప్రిమితివా గారు మైకు లాక్కుని పిల్లలందర్నీ తరగతులకి తోలేశారు.

నా కాగితం మీద సంతకం పడలేదు. ఈ ఏడాదికి పడదు కూడా. బ్లాగు మూసెయ్యమన్నారు. "మూసెయ్యమని రాసివ్వండి మేడమ్" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "రాసిస్తే అది కూడా అందులో పెడతావు, నాకు తెలీదా!" అని వెళ్ళిపోయారు. ఫ్యాను మాత్రం ఆ సాయంత్రమే ఇసింగ్ ముసలమ్మ ఇంటికి చేరింది.

ఆ రోజే నా పేరుతో, జెరలిన్ తల్లికి జరిగిందంతా చెబుతూ బ్లాగులో రాశాను. మళ్ళీ శుక్రవారం దాకా నాకు అన్నం సయించలేదు. ఆవిడ జవాబు ఇది:

"టీచర్ గారూ, ఆ రోజు ఏం రాశానో నాకూ గుర్తు లేదు. గంట అయిపోతుందని గబగబా రాసేస్తాను. బాధపడకండి. జెరలిన్, మీ అమ్మమ్మ రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని నువ్వు రాసేదాకా నాకెవరూ చెప్పలేదు. ఫోను చేస్తే అందరూ అంతా బాగుందనే అంటారు. నువ్వు ఏం చూస్తే అది రాయి తల్లీ. అప్పుడే నాకు ఇల్లు కనబడుతుంది."

జెరలిన్ దాన్ని ఇవాళ పొద్దున కిటికీ దగ్గర నిలబడి చదివింది. కుర్చీ దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. భోజనాల బెల్లు కొట్టి చాలాసేపయింది, ఇంకా లేవలేదు. నేనూ లేపలేదు.

నీ చెల్లెలు,
దెలియా